బెజవాడ నుంచి గల్ఫ్ ఉద్యోగాల వెబ్‌సైట్: ముందు లైసెన్సు, తర్వాతే కోడ్

విదేశీ ఉద్యోగాల వెబ్‌సైట్ పెడదామనుకునేవాళ్లు విజయవాడలోనైనా గుంటూరులోనైనా సాధారణంగా పేరు, లోగో, యాప్‌తో మొదలుపెడతారు. అప్లై చేసేవాళ్లను ఎలా తెచ్చుకోవాలా అని తలలు పట్టుకుంటారు. నిజానికి వాళ్లు పిలవకుండానే వస్తారు. "దుబాయ్, వెల్డర్, రూమ్ కంపెనీదే" అని ఒక్క ముక్క వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, సాయంత్రానికి ఫోన్ పట్టుకోలేరు. దొరకనిది నిజమైన ఉద్యోగం. అంటే కంపెనీ ఉండాలి, ఖాళీ ఉండాలి, కాగితం మీద రాసిన జీతం చేతికి రావాలి. మీరు అమ్మే సరుకు ఆ తనిఖీయే. సాఫ్ట్‌వేర్ దాని మీద కప్పిన రేకు మాత్రమే. కాబట్టి ఖర్చు, సమయం, మనుషులు అన్నీ ముందు అటువైపే పెట్టాలి.

చట్టం దగ్గరే సగం ఆలోచన తేలిపోతుంది

మన దేశం నుంచి విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే పని 1983 ఎమిగ్రేషన్ చట్టం కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా ఎవరూ ఆ పని చేయకూడదు. ఇక్కడ చాలామంది చదవని మెలిక ఒకటుంది. ఆ చట్టం నిర్వచనం ప్రకారం రిక్రూట్‌మెంట్ అంటే మనిషిని విమానం ఎక్కించడం ఒక్కటే కాదు. విదేశీ ఉద్యోగం కోసం ప్రకటన ఇవ్వడం, ప్రకటన ద్వారా ఉద్యోగం ఇప్పిస్తామనడం, అభ్యర్థితో ఉత్తరప్రత్యుత్తరాలు, బేరసారాలు జరపడం కూడా అందులోకే వస్తాయి. "మేం ఉద్యోగాలు చూపిస్తామంతే, పంపేది వేరేవాళ్లు" అనే మాట అందువల్ల నిలబడదు. గల్ఫ్‌కే అనుకోవద్దు, నిర్వచనంలో ఉన్నది భారతదేశం బయట ఏ దేశమైనా. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు.

అందుకని దారులు రెండే. మొదటిది, మీరే రిక్రూటింగ్ ఏజెంటుగా నమోదు కావడం. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో దరఖాస్తు, ₹25,000 ఫీజు, పోలీసు విచారణ, ఆపైన ₹50 లక్షల బ్యాంకు గ్యారంటీ. 100 మందికి మించి పంపని చిన్న ఏజెంట్లకు ₹8 లక్షల గ్యారంటీతో వేరే కేటగిరీ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే నయం. బ్యాంకు గ్యారంటీ అంటే చాలాచోట్ల దానికి సరిపడా డిపాజిట్ అడుగుతారు, ఆ డబ్బు కదలదు. వ్యాపారం ప్లాన్‌లో దాన్ని పెట్టుబడిగా కాక, తాళం వేసిన సొమ్ముగా లెక్క వేసుకోవాలి.

రెండో దారి, ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్లకు సాఫ్ట్‌వేర్ అమ్మడం. ప్రతి ఉద్యోగం వాళ్ల పేరుతో, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరుతో కనపడాలి. అభ్యర్థి దగ్గర మీరు పైసా తీసుకోకూడదు, ఎంపికలో చెయ్యి పెట్టకూడదు. సబ్‌ఏజెంట్లను చట్టం ఒప్పుకోదు. మీ ఒప్పందంలో "మనిషికి ఇంత కమీషన్" అని ఉంటే మీరు సబ్‌ఏజెంటే, పేరు ఏం పెట్టుకున్నా సరే. నెలకు ఇంత అనే సాఫ్ట్‌వేర్ అద్దెగా రాసుకోండి. సంతకం చేసేముందు ఆ ఒప్పందం మీద లాయరు అభిప్రాయం కాగితం మీద తీసుకోండి. ఏజెంటు సర్టిఫికెట్ ఇంకా చెల్లుతోందో లేదో ఈమైగ్రేట్ జాబితాలో చూసుకోండి. ఒకసారి కాదు, నెలనెలా. సస్పెండైన ఏజెంటు ఉద్యోగాలు మీ సైట్లో వేలాడుతూ ఉంటే సమాధానం చెప్పుకోవాల్సింది మీరు కూడా.

ఈ చట్టం స్థానంలో కొత్తది తేవడానికి 2025లో కేంద్రం ముసాయిదా బిల్లు బయటపెట్టింది. దరఖాస్తు పెట్టేనాటికి ఏది అమల్లో ఉందో పోర్టల్‌లోనే చూసుకోవాలి. కంపెనీ రిజిస్ట్రేషన్ మాత్రం అందరికీ తెలిసిందే: ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకోండి, మన రాష్ట్రానికి కంపెనీల రిజిస్ట్రార్ విజయవాడలోనే ఉన్నారు.

ఒక దేశం, ఒక పని

"అన్ని దేశాలు, అన్ని ఉద్యోగాలు" అని పెట్టిన సైట్‌కు ఏ ఒక్క ఉద్యోగాన్నీ సరిగ్గా తనిఖీ చేసే ఓపిక ఉండదు. బెజవాడలో కూర్చున్నవాళ్లకు చేతికందే పని ఆటోనగర్‌లో ఉంది: లారీ బాడీ బిల్డింగ్, వెల్డింగ్, డెంటింగ్, పెయింటింగ్, డీజిల్ మెకానిక్కులు. పనివాడు ఎంతటివాడో అక్కడి షెడ్డు మేస్త్రీని అడిగితే పది నిమిషాల్లో తెలుస్తుంది. అలాంటి ఆరా ఏ వెబ్‌సైట్‌కూ దొరకదు. కాబట్టి యూఏఈకి వెల్డర్లు, హెవీ మెకానిక్కులు అని గీత గీసుకోవడం మంచి ఆరంభం.

వేటితో మొదలుపెట్టకూడదో కూడా చెప్పాలి. నర్సులతో వద్దు. కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు మన ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలని చెప్పే పాస్‌పోర్టు ముద్ర ఈసీఆర్. టెన్త్ పాసై ఆ ముద్ర లేని పాస్‌పోర్టు ఉన్నా, ఈసీఆర్ దేశాలకు వెళ్లే నర్సులకు ఆ క్లియరెన్స్ కావాలి. ఆ దారి ప్రధానంగా ఓంక్యాప్ (విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థల గుండా నడుస్తుంది. ఇంటి పనులతోనూ వద్దు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలకు 30 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది, అక్కడికెళ్లాక మనిషి ఏ ఇంట్లో ఉందో కనుక్కోవడమే కష్టం. కువైట్ "ఆజాద్ వీసా"ను పూర్తిగా నిషేధించండి. కాగితం మీద ఒక కఫీలు (వీసా ఇచ్చిన యజమాని), పని ఇంకెక్కడో అంటే అక్కడి చట్టం ప్రకారం మనవాడే నేరస్తుడవుతాడు.

డేటా ఎంట్రీ, చాట్ సపోర్ట్, క్రిప్టో పేరుతో కంబోడియా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్ ఉద్యోగాలు వస్తే తనిఖీ కూడా దండగ, నేరుగా తీసేయండి. విశాఖ కుర్రాళ్లను కంబోడియాలో సైబర్ మోసాల డెన్లలో పెట్టిన సంగతి 2024లో రాష్ట్రమంతా చూసింది.

జీతం గడి ఒక్కటి కాదు, ఆరు

ఉద్యోగం కార్డు మీద "జీతం 1,200 దిర్హాములు" అని ఒక్క అంకె వేయనిస్తే సైట్ మొదటి రోజే చెడింది. బేసిక్, అలవెన్సులు, భోజనం, రూమ్, డ్యూటీ గంటలు, ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క వేర్వేరు గడులుగా ఉండాలి, ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా కార్డు పబ్లిష్ కాకూడదు.

ఎందుకో లెక్క వేసి చూడండి. ఒక కంపెనీ బేసిక్ 1,000, అలవెన్సు 200 అంది. ఇంకొకటి బేసిక్ 700, అలవెన్సు 500 అంది. రెండూ 1,200. కానీ యూఏఈలో ఓటీ బేసిక్ మీద లెక్క: గంట బేసిక్‌కు 25 శాతం కలిపి ఇవ్వాలి, రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య అయితే 50 శాతం. నెల బేసిక్‌ను 30 రోజులు, 8 గంటలతో భాగిస్తే మొదటివాడికి గంటకు 4.17, రెండోవాడికి 2.92 దిర్హాములు. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు పగటి ఓటీ చేస్తే మొదటివాడికి సుమారు 271, రెండోవాడికి 190. నెలకు 81 దిర్హాముల తేడా. గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే, మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్. రెండేళ్లకు ఒకరికి 1,400, ఇంకొకరికి 980. ఈ లెక్కను కార్డు కిందే ఆటోమేటిగ్గా చూపించండి. అభ్యర్థి రెండు ఉద్యోగాలు పక్కపక్కన పెట్టి చూసుకునేది ఇక్కడే, మీ సైట్‌కు మళ్లీ వచ్చేదీ ఇందుకే.

ఈసీఆర్ దేశాలకు మన ప్రభుత్వం పనినిబట్టి కనీస రెఫరల్ వేతనాలు పెట్టింది. జీతం అంతకన్నా తక్కువున్న కార్డును ఫారం దగ్గరే ఆపేయాలి, క్లియరెన్స్ దగ్గర ఆగడం కన్నా అది మేలు. డ్రైవర్ ఉద్యోగాలకు "గల్ఫ్ లైసెన్సు ఉండాలా, కంపెనీ ఇప్పిస్తుందా, ఆ ఖర్చు ఎవరిది" అనే గడి అదనం. ఈ ఒక్క గడి లేకనే అక్కడికి వెళ్లాక లైసెన్సు ఫీజు పేరుతో నెలల తరబడి జీతం కోత పడుతుంది.

ఒక ఉద్యోగాన్ని ఎలా తనిఖీ చేయాలి

మూడు కాగితాలు అడగండి: ఎంతమంది కావాలో కంపెనీ రాసిచ్చే డిమాండ్ లెటర్, ఏజెంటు పేరున పవర్ ఆఫ్ అటార్నీ, నమూనా ఉద్యోగ ఒప్పందం. మూడింటిలో కంపెనీ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. "ఎల్ఎల్‌సీ" ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే అవి రెండు కంపెనీలు కావచ్చు. డిమాండ్ లెటర్‌లోని ఖాళీల సంఖ్యను సైట్లో కౌంటరుగా పెట్టండి. ముప్పై మంది వెల్డర్ల లెటర్ మీద నాలుగు వందల మంది దగ్గర పాస్‌పోర్టులు తీసుకునే అలవాటు ఈ ఒక్క కౌంటరుతో తెగుతుంది.

తర్వాత కంపెనీ ట్రేడ్ లైసెన్సు నంబరును యూఏఈ జాతీయ ఆర్థిక రిజిస్టరులో చూడండి, లైసెన్సు గడువు తేదీతో సహా. ఫోన్ చేయాల్సింది లెటర్‌హెడ్ మీదున్న మొబైల్‌కు కాదు. కంపెనీ ల్యాండ్‌లైన్ మీరే వేరేచోట వెతికి పట్టుకుని హెచ్ఆర్‌ను అడగండి. అడగాల్సిన ప్రశ్న "ఈ లెటర్ మీదేనా?" అని కాదు, దానికి ఎవరైనా అవునంటారు. "విజయవాడలో మీ ఏజెంటు ఎవరు, ఎన్ని ఖాళీలు, పని జరిగే చోటు ఎక్కడ?" అని అడిగితే అబద్ధం తడబడుతుంది. ఒక్క ఉద్యోగానికి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది, తొందరపెట్టకండి. రోజుకు పదికి మించి ఒక మనిషి చేయలేరు. అందుకే మొదటి ఆరు నెలలు సైట్లో యాభై కార్డులుంటే చాలు.

యూఏఈ మానవ వనరుల శాఖ జారీ చేసే ఆఫర్ లెటర్ వచ్చాక దాని నంబరును ఆ శాఖ వెబ్‌సైట్లో సరిచూడండి. డిమాండ్ లెటర్‌లో 1,000 ఉన్న బేసిక్ ఇక్కడ 800 అయితే అభ్యర్థికి ఫోన్ వెళ్లాలి, మెసేజ్ కాదు. "ముందు విజిట్ వీసా మీద రండి, తర్వాత మారుస్తాం" అన్న కంపెనీని బ్లాక్ చేయండి. వర్క్ పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకుంటే యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల జరిమానా అని 2024లో అక్కడ చట్టం బిగించారు. అయినా అలా రమ్మంటున్నారంటే మీరేం చెప్పినా వినరని అర్థం.

అభ్యర్థి ఫారం

"వెల్డరా? అవును/కాదు" అనే ఫారం పనికిరాదు. ఆటోనగర్ భాషలోనే అడగండి: ఆర్కా, సీఓటూనా, ఆర్గానా? వెల్డింగ్ పొజిషన్లు 3జీ, 4జీ, 6జీల్లో ఏది? ప్లేటా, పైపా? గల్ఫ్ ఆయిల్ కంపెనీల టెస్టు ఎక్కువగా 6జీ, అంటే 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ వెల్డరే తిరగాలి, రూట్ (మొదటి పొర) ఆర్గాన్‌తో, పైన ఫిల్లింగ్ ఆర్క్‌తో. లారీ బాడీకి అందంగా ప్లేట్ వెల్డింగ్ చేసేవాడు ఇందులో తప్పితే అతని తప్పు కాదు, అడగని ఫారందే.

రెండు నిమిషాల వీడియో అడగండి. మిర్చి యార్డులో కాయ చూడకుండా ధర కట్టేవాడు ఉండడు, ఇక్కడా అంతే. ముఖం, పైపు ఒకే ఫ్రేమ్‌లో ఉండాలి. స్లాగ్ (పైన పట్టిన పెంకు) కొట్టి, వైర్ బ్రష్ పెట్టాక బీడ్ (వెల్డింగ్ గీత) దగ్గరగా చూపించాలి. అరువు వీడియోలు తప్పకుండా వస్తాయి. కాబట్టి దరఖాస్తు నంబరులో చివరి నాలుగంకెలు పైపు మీద చాక్‌పీస్‌తో రాసి వీడియో తీయమనండి. సగం మోసం అక్కడే ఆగిపోతుంది.

పేరు విషయంలో జాగ్రత్త. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అంతా ఒకే పేరుగా పడటం మామూలే. 2022 నవంబరు నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులను విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. వర్క్ వీసాకు ఆ ఆంక్ష లేకపోయినా కౌంటర్లలో గొడవలు తప్పవు. ఫారంలో "పాస్‌పోర్టులో ఉన్నట్టే" అని రెండు గడులు పెట్టి, ఒకటి ఖాళీ అయితే సరిచేసుకోమని ముందే చెప్పండి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకన్నా తక్కువుంటే దరఖాస్తును పక్కన ఆపండి.

టెన్త్ పాసవకపోతే సాధారణంగా పాస్‌పోర్టు ఈసీఆర్. 18 దేశాలకు క్లియరెన్స్ కావాలి, అందులో గల్ఫ్ దేశాలు ఆరూ ఉన్నాయి. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి: ₹10 లక్షల ప్రమాద బీమా, ప్రీమియం రెండేళ్లకు ₹275, మూడేళ్లకు ₹375. ఎవరైనా బీమా పేరుతో వేలల్లో అడిగితే మోసమని అభ్యర్థికి తెలిసేలా ఈ అంకెలు కార్డు మీదే వేయండి. ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ పరిమితి ₹30,000, జీఎస్టీ అదనం, రసీదుతో. అదీ వేయండి. ఏజెంట్లు మూతి ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి.

సాఫ్ట్‌వేర్

మీకు తెలిసిన ఫ్రేమ్‌వర్క్, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ముంబై రీజియన్లో చిన్న సర్వరు. మొదటి ఏడాదికి ఇంతకన్నా అక్కర్లేదు, యాప్ కూడా అక్కర్లేదు. ఫోన్లో తేలిగ్గా తెరుచుకునే వెబ్ పేజీ చాలు. గట్టిగా ఆలోచించాల్సినవి రెండే.

ఒకటి పాస్‌పోర్టు నంబరు. మనిషి ఫోన్ నంబర్లు మారుస్తుంటాడు, తమ్ముడి ఫోన్ నుంచి కూడా అప్లై చేస్తాడు. రెండు దరఖాస్తులూ ఒకరివేనని పట్టుకునేది పాస్‌పోర్టు నంబరుతోనే. దాన్ని అలాగే దాచడం ప్రమాదమని కొందరు హ్యాష్ చేస్తారు, అంటే గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి దాస్తారు. ఒక అక్షరం, ఏడు అంకెలు అంటే మొత్తం వీలున్న నంబర్లు 26 కోట్లే. మామూలు ఎస్‌హెచ్ఏ హ్యాష్‌ను ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో తిరగదీయొచ్చు. డేటాబేస్ బయట దాచిన రహస్య తాళం కలిపి చేసే హ్యాష్, అంటే హెచ్‌మ్యాక్ చేయండి. స్కాన్ కాపీలను ఎంపికైన తర్వాతే తీసుకోండి, లింకు పది నిమిషాల్లో చచ్చిపోవాలి, పని అయ్యాక ఫైలు తుడిచేయాలి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ఏజెంటు తన వాట్సాప్‌లో పాస్‌పోర్టులు ఫార్వర్డ్ చేసుకుంటుంటే మీ భద్రత అంతా గాలికే. సైట్ బయట కాపీ అడగకూడదని ఒప్పందంలో రాయండి.

రెండోది ఎస్సెమ్మెస్. హెడరు (పంపేవాళ్ల పేరు), టెంప్లేటు (మెసేజ్ నమూనా) డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో నమోదు చేయించకపోతే మెసేజ్ దారిలోనే పడిపోతుంది. తెలుగులో ఒక మెసేజ్‌కు 70 క్యారెక్టర్లే, ఇంగ్లీషులో 160. పైగా తెలుగు అక్షరాన్ని యంత్రం విడగొట్టి లెక్కపెడుతుంది. "ఇంటర్వ్యూ" కంటికి మూడక్షరాలు, యంత్రానికి తొమ్మిది. కాబట్టి ఎస్సెమ్మెస్‌లో తేదీ, టైము, లింకు మాత్రమే పెట్టి, మిగతాది వాట్సాప్‌లో తెలుగు వాయిస్‌గా పంపండి. చదవడం రానివాళ్లకే కాదు, చదవగలిగినవాళ్లు కూడా వాయిస్‌నే వింటారు.

గూగుల్‌లో కనపడటానికి ప్రతి కార్డుకు జాబ్‌పోస్టింగ్ మార్కప్ (ఇది ఉద్యోగ ప్రకటన అని గూగుల్‌కు చెప్పే కోడ్) పెట్టండి. ఖాళీలు నిండిన రోజే దాని గడువు తేదీ ముగించాలి. చచ్చిన ఉద్యోగాలు తేలుతుంటే గూగుల్ సైట్ మొత్తాన్నే పక్కన పెట్టే ప్రమాదముంది.

డబ్బు, దుబాయ్ కంపెనీ

డబ్బు యజమాని దగ్గరే తీసుకోవాలి. నియామకం ఖర్చు పనివాడి మీద వేయకూడదని యూఏఈ కార్మిక చట్టం కూడా చెబుతోంది. మీరే ఏజెంటు అయితే కంపెనీతో మూడు విడతలు రాసుకోండి: ఎంపికప్పుడు 30 శాతం, వీసా వచ్చాక 40, మనిషి చేరిన మూడు నెలలకు 30. చివరి విడత ఆలస్యమవుతుంది, ముందే తెలుసుకోండి. కానీ అది ఉన్నందువల్లే మీరు చెత్త పంపరని కంపెనీకి నమ్మకం.

విదేశీ కంపెనీకి బిల్లు వేసేటప్పుడు జీఎస్టీ దగ్గర ఇరుక్కుంటారు. డాలర్లు వచ్చాయి కాబట్టి ఎగుమతి, పన్ను సున్నా అనుకుంటారు. 2025లో ఉన్న నిబంధన ప్రకారం, మధ్యవర్తి సేవ అని ఆఫీసరు అంటే సేవ జరిగిన చోటు ఇండియా అయి 18 శాతం పడేది. ఆ నిబంధన తీసేయాలని 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేసింది. బిల్లు తేదీనాటికి అమల్లో ఉన్న నిబంధనను ఆడిటరుతో చూపించుకుని, ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) ఏటా కొత్తగా దాఖలు చేశాకే బిల్లు వేయండి.

"దుబాయ్‌లో ఫ్రీజోన్ కంపెనీ పెట్టేద్దాం" అనే సలహా ఊరంతా ఇస్తుంది. మొదటి ఏడాది వద్దు. ఫ్రీజోన్ ఐటీ లైసెన్సుతో మనుషులను నియమించే పని చేయకూడదు, దానికి అక్కడి మానవ వనరుల శాఖ లైసెన్సు, బ్యాంకు గ్యారంటీ వేరే కావాలి. ఇక్కడి నుంచి పెట్టుబడి పంపితే అది విదేశీ పెట్టుబడి నిబంధనల కిందికి వస్తుంది. బ్యాంకులో ఫారమ్ ఎఫ్‌సీ ఇచ్చి యూఐఎన్ (ఆ పెట్టుబడికి ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకున్నాకే డబ్బు కదలాలి, ఏటా డిసెంబరు 31 లోపు పనితీరు నివేదిక ఇవ్వాలి. కార్డు గీకి లైసెన్సు ఫీజు కట్టేసి తర్వాత యూఐఎన్ కోసం తిరిగేవాళ్లు ఎక్కువ, ఆలస్య రుసుము వాళ్ల పాలే.

విమానం ఎక్కాక

చేరిన ఏడో రోజు ఒక ప్రశ్న: పాస్‌పోర్టు మీ దగ్గరే ఉందా? నలభై అయిదో రోజు ఇంకొకటి: మొదటి జీతం బ్యాంకులో పడిందా, ఎంత? కంపెనీ పేజీ మీద ఈ జవాబులు, పేర్లు లేకుండా, మార్చకుండా చూపించండి. పాస్‌పోర్టు లాక్కున్నారని ఇద్దరు చెబితే ఆ కంపెనీ కార్డులన్నీ అదే రోజు ఆగాలి, విచారణ తర్వాత సంగతి. ఫిర్యాదుకు 24 గంటల్లో రసీదు, 15 రోజుల్లో పరిష్కారం అన్నది 2021లో ఐటీ నియమాలు వచ్చినప్పటి లెక్క. జీతం ఆగిన మనిషికి 15 రోజులు చాలా ఎక్కువ. అందుకని ఫిర్యాదు పేజీలోనే మదద్ పోర్టల్ (విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైట్), ఏపీఎన్‌ఆర్‌టీఎస్ (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర సంస్థ) హెల్ప్‌లైన్, అక్కడి భారత రాయబార కార్యాలయం లింకులు పెట్టి, అతని ఒప్పందం కాపీ, ఆఫర్ లెటర్ నంబరు, వీసా కాపీ ఒకే పీడీఎఫ్‌గా దించుకునే బటన్ ఇవ్వండి. రాయబార కార్యాలయంలో మొదట అడిగేది ఆ కాగితాలే, ఆ సమయానికి అవి అతని సూట్‌కేసులో ఉండవు.